పండు లోపలె: ఒక అంజూర పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

కిందటి అక్టోబరు చివర్లో ఒక ఆదివారం పొద్దున్నే, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే మా బావ దగ్గర్నుంచి ఒక ఫోటో, దాని కింద ఒక పద్యం వచ్చాయి. ఫోటోలో ఆయన పెరటి అంజూరపు చెట్టు. ఆకులు ఉడకేసిన తోటకూరలా నల్లబడి వేలాడుతున్నాయి. కొమ్మల నిండా కాయలు మాత్రం పచ్చగా, గోళీకి నిమ్మకాయకి మధ్య సైజులో ఉన్నాయి. రాళ్లలా గట్టిగా ఉన్నాయని చూస్తేనే తెలుస్తోంది. పద్యం తేటగీతి. ఇంజనీరింగులో చేరిన రోజు నుంచి ఛందస్సు జోలికి పోని మనిషి ఆయన. శోకంలోంచి పద్యం పుట్టడం మన దేశంలో మొదట్నుంచీ ఉన్నదే. అక్కడ పక్షి, ఇక్కడ పండు.

పద్యం పంపి ఊరుకోకుండా "అర్థమైందా?" అని అడిగాడు. అడిగితే టీక రాయక తప్పదు. మెదక్ సీమ కొలిచెలమ నుంచి వచ్చిన మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టులో మొదటి సగం నాకూ సమ్మతమే. ఈ చెట్టుకైతే చలికాలం వెళ్లేసరికి మూలం తప్ప ఇంకేమీ మిగలదు కాబట్టి, మూలాన్ని దాటి రాయడానికి అసలు వీలే లేదు. రెండో సగం నా వల్ల కాదు.

మూలం

మంచు గప్పిన వేళలో మాను చచ్చి
వేరు మాత్రమ్ము బ్రతికి తా వేడినాళ్ల
చివురు వేసిన యంజూర చెట్టు కాయ
పండు లోపలె వచ్చెరా పాడు మంచు

టీక

మంచు గప్పిన వేళలో = హిమం ఆవరించిన కాలంలో. ఇక్కడ ఒక శంక. కప్పిన మంచు చెట్టుని చంపుతుందా? చంపదు. మోకాటి లోతు మంచు నేలకి దుప్పటి. అది కప్పుకున్న ఏడాది చెట్టు మొదలు దగ్గర రెండు మూడు కణుపులు అయినా బతికి బయటపడతాయి. చంపేది మంచు పడని చలి, దానితో పాటు వీచే ఎండుగాలి. కాబట్టి 'కప్పిన' అనే మాట శాస్త్రానికి విరుద్ధం. కవి కిటికీలోంచి చూసి రాశాడు తప్ప చెట్టు దగ్గరికి వెళ్లి రాయలేదని దీనివల్ల తేలుతోంది.

ఎంత చలి? అమెరికా వ్యవసాయ శాఖ 2023లో కొత్త శీతల మండలాల పటం వేసింది. 1991 నుంచి 2020 దాకా ముప్పయ్యేళ్ల లెక్కలు దానికి ఆధారం. బావ ఉండే చోటు 7ఎ. అంటే ఏడాది మొత్తంలో అతి చల్లని రాత్రి సగటున 0 నుంచి 5 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 18 నుంచి మైనస్ 15. ఆకులు రాల్చి నిద్రలో ఉన్న అంజూరపు ముదురు కొమ్మ ఓర్చుకునేది సుమారుగా 10–15 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 12 నుంచి మైనస్ 9 వరకే. ఆ తీసివేత చేసుకుంటే ఎంత వస్తుందో, దానికే కవి పెట్టిన పేరు తరువాతి మాట.

మాను చచ్చి = కాండం మరణించి. నాలుగేళ్ల చెట్టు, బొటనవేలంత లావు కొమ్మలు. దీన్ని 'మాను' అనడం అతిశయోక్తి. యతి కోసం మన్నించాలి. చచ్చింది అని ఎలా తెలుసు? ఏప్రిల్‌లో గోటితో బెరడు గీకి చూడాలి. లోపల లేత ఆకుపచ్చ కనిపించి, పాలు చిమ్మితే బతికున్నట్టు. గోధుమరంగు పొడి రాలితే అక్కడిదాకా పోయినట్టే. కిందికి జరిగి మళ్లీ గీకాలి. ఆ ఏప్రిల్‌లో నేనూ పక్కనే ఉన్నాను. బావ పైనుంచి గీకుతూ గీకుతూ వంగి, కూర్చుని, చివరికి మోకాళ్ల మీద ఉండి మట్టిని గీకాడు.

ఈ అనర్థాన్ని ఆపే విద్య ఆ దేశంలో లేకపోలేదు. బ్రూక్లిన్‌లోనూ న్యూజెర్సీ ఊళ్లలోనూ దిగిన ఇటలీ వలసదారులు కొమ్మలు వెంట తెచ్చుకుని నాటుకున్నారు. నవంబరు రాగానే చెట్టుని తాళ్లతో బిగించి కట్టి, పాత తివాచీలు, గోనెలు, తారు కాగితాలు చుట్టి, లోపలికి వాన దిగకుండా నెత్తిన బకెట్టు బోర్లించేవాళ్లు. ఇంకొందరి పద్ధతి మరీ సాహసం. ఒక పక్క వేళ్లు నరికి, చెట్టుని నేలకి వంచి, గోతిలో పడుకోబెట్టి, మట్టి కప్పి పూడ్చేస్తారు. ఏప్రిల్‌లో తవ్వి లేవదీస్తారు. నవంబరులో సమాధి, వసంతంలో పునరుత్థానం. ఈస్టరు పండగ చేసుకునే వాళ్లకి ఇందులో వింతేమీ తోచి ఉండదు. మా బావ చుట్టనూ లేదు, పూడ్చనూ లేదు. ఎందుకంటే కొన్నప్పటి నర్సరీ చీటీ మీద 'హార్డీ' అని ఉంది. అది తరువాతి మాటకి సంబంధించిన విషయం.

వేరు మాత్రమ్ము బ్రతికి = మూలం ఒక్కటే ప్రాణాలతో ఉండి. పద్యానికంతటికీ ఇదే జీవగర్ర. 'మాత్రమ్ము' అనే మాటలో ఒక నర్సరీ చీటీ మీద వేసిన అభియోగం దాగి ఉంది. బావ కొన్న చెట్టు పేరు చికాగో హార్డీ. సిసిలీ ద్వీపం నుంచి వచ్చిన జాతి అంటారు. అభిమానులు దాన్నీ దాని అన్నదమ్ముల్నీ కలిపి ఎట్నా కుటుంబం అని పిలుస్తారు. బ్రూక్లిన్‌లో ఇటాలియన్లు స్థిరపడ్డ పేట పేరు మీద బెన్సన్‌హర్స్ట్ పర్పుల్ అనేది దీని మారుపేరే. అగ్నిపర్వతం పక్కన పుట్టి మంచుకి పేరు తెచ్చుకున్న చెట్టు. వేళ్లు మైనస్ 20 ఫారెన్‌హీట్ దాకా బతుకుతాయని నర్సరీల చీటీలు చెబుతాయి. మైనస్ 29 సెల్సియస్ అన్నమాట.

చీటీ అబద్ధం చెప్పలేదు. వేరు బతికింది. అయితే మనం వేరు తినం. చలికి తట్టుకోవడం ఒక గుణం, చలిలోపు పండడం ఇంకొక గుణం. మొదటిది చీటీ మీద పెద్దక్షరాలతో ఉంటుంది. రెండోది చిన్నక్షరాలతో కూడా ఉండదు.

తా = తాను. పాదపూరణం. దీని మీద చెప్పడానికేమీ లేదు.

వేడినాళ్ల చివురు వేసిన = ఎండాకాలంలో మొలకెత్తిన. అంజూరానికి ఏడాదికి రెండు కాపులు. కిందటేటి ముదురు కొమ్మ మీద జూన్, జూలైల్లో వచ్చేది తొలికాపు. స్పానిష్‌లో దానికి బ్రెబా అని పేరు. ఆ ఏడాది వేసిన కొత్త చివురు మీద వచ్చేది అసలు కాపు. మాను చచ్చినవాడికి తొలికాపు లేదు. మొదలు దగ్గర్నుంచి లేచిన పిలక జూన్‌లో మోకాలి ఎత్తు, ఆగస్టులో మనిషెత్తు. అప్పుడు కాయ వేస్తే పండేదెప్పుడు?

చికాగో హార్డీ గొప్పతనం, ఇలా నేలమట్టం అయ్యాక కూడా అదే ఏడాది కాయడం. ఇది చాలా రకాలకి చేతకాదు. అమెరికా దక్షిణాదిన ఇంటింటి చెట్టు అయిన సెలెస్ట్‌ని చూడండి. షుగర్ ఫిగ్ అని ముద్దుపేరు, పంచదారే. కొమ్మ కొంచెం ఎక్కువ చలికే తట్టుకుంటుందనే కీర్తి కూడా ఉంది. కానీ మొదలంటా చస్తే ఆ ఏడు అలిగి కూర్చుంటుంది, అంతగా కాయదు. కొమ్మ గట్టిదా, మళ్లీ లేచే స్వభావం గట్టిదా అన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. 'హార్డీ' అనే ఒక్క మాటలో రెండర్థాలూ ఇరికించి అమ్మడం శ్లేషాలంకారం. వ్యాపారంలో శ్లేషని ఇంకో పేరుతో పిలుస్తారు.

డెజర్ట్ కింగ్ కథ ఇంకా చిత్రం. వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ వైపు అది రాజే. అక్కడ చలికాలం మెత్తన, వేసవి చల్లన. ముదురు కొమ్మ చావదు కాబట్టి తొలికాపు పుష్కలంగా పండుతుంది. దాని తొలికాపుకి పరాగం అవసరం లేదు. రెండో కాపుకి మాత్రం ఒక కందిరీగ జాతి పురుగు వచ్చి పరాగం ఇవ్వాలి. అదే చెట్టుని ఎడిసన్‌లో నాటితే, తొలికాపు కొమ్మతో సహా జనవరిలో పోతుంది, రెండో కాపు పురుగు రాక రాలిపోతుంది. మిగిలేవి ఆకులు. ఆకులు అందంగానే ఉంటాయి.

యంజూర = అంజూర. యడాగమం. పారసీకం నుంచి వచ్చిన మాట. తెలుగువాళ్లలో చాలామందికి ఈ పండు చెట్టు మీద తెలియదు. తాడుకి గుచ్చిన ఎండు దండగానే తెలుసు, బాదం పిస్తాల పక్కన. దీని దగ్గరి చుట్టం మన మేడి. అమరసింహుడు పూయకుండా కాసే చెట్టుని వనస్పతి అన్నాడు, మేడికి జంతుఫలమని ఒక పేరు, హేమదుగ్ధకమని మరో పేరు చెప్పాడు. పూయకపోవడం కాదు, పువ్వు లోపలికి తిరిగి ఉంది. పండు అని మనం తినేది, లోపలి గోడల మీద వందల పూలు పూసిన మూసిన సంచీ. ఆ పూలకి బయటి లోకం కనిపించేది కింద ఉన్న చిన్న కంటిలోంచే. అయినా అంత పాత కాలంలో అంత చూసి పేరు పెట్టడం సామాన్యం కాదు. ఈ రోజుల్లో పేరు పెట్టేవాళ్లు ఊరి పేరో రంగో తగిలించి ఊరుకుంటున్నారు.

చెట్టు = వృక్షం. ఇక్కడ పాఠాంతరాలు విచారించాలి. ఏ చెట్టు?

అంజూరం విత్తనంతో పెరిగితే తల్లిలా ఉండదు కాబట్టి కొమ్మ విరిచి నాటుతారు. అంటే ప్రతి చెట్టూ ఒక మాతృకకి ఎత్తి రాసిన ప్రతి. తాళపత్ర ప్రతులకి పట్టే చీడలన్నీ దీనికీ పట్టాయి. ఒకడు చీటీ పోగొట్టుకుంటాడు, ఇంకొకడు తోచిన పేరు రాస్తాడు, మూడోవాడు తాతగారి పేరు పెడతాడు. బ్రౌన్ టర్కీ అనే పాఠాన్ని తీసుకోండి. ఇంగ్లండులోనూ అమెరికా తూర్పు తీరంలోనూ ఆ పేరుతో ఉండే మధ్యస్థం కాయ ఒకటి, కాలిఫోర్నియాలో అదే పేరుతో అమ్మే పెద్ద కాయ ఇంకొకటి. రెండూ వేరు చెట్లు. పేరు చూసి కొన్నవాడికి ఏది వచ్చిందో మూడేళ్లకి గానీ తేలదు. బ్రన్స్‌విక్, మాగ్నోలియా, మడోనా అని మూడు చెట్లు కొన్నానని మురిసిపోయేవాడు ఒకే చెట్టు మూడుసార్లు కొన్నాడు. కాయ పెద్దది, కన్ను తెరిచి ఉంటుంది. పండే వేళ వాన పడితే నీళ్లు లోపలికి దిగి పగిలి పులిసిపోతుంది. సెప్టెంబరు వానల్లో తూర్పు తీరంవాడికి ఇది తగదు. మురబ్బాకి మంచిది. సెలెస్ట్ కన్ను మూసుకుని ఉంటుంది, దాని తెలివి అది.

ఈ గందరగోళానికి పరిష్కృత ప్రతి తయారుచేసినవాడు కాలిఫోర్నియా ఆచార్యుడు ఐరా కాండిట్. 1955లో వందల రకాల అంజూరాల్ని, వాటి మారుపేర్లనీ, ఆకు గంట్లనీ, కాయ మెడనీ వర్ణిస్తూ ఒక లక్షణ గ్రంథం వెలువరించాడు. మన మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి వాళ్లు తాళపత్రాలతో పడ్డ పాట్లు ఆయన కొమ్మలతో పడ్డాడని నాకు అనిపిస్తుంది.

నన్నడిగితే 7ఎ లో ఉన్నవాడు ముందు చూడాల్సింది రాండ్ డి బోర్డో. చిన్న నల్ల కాయ, వానకి పగలడం ఉంది, కొమ్మ మరీ గట్టిదీ కాదు. కానీ చాలామంది దగ్గర చికాగో హార్డీ ఇంకా ఆలోచిస్తుండగానే ఇది పండి కూర్చుంటుంది. బల్గేరియా, రుమేనియాల వైపు నుంచి వచ్చిన ఫ్లోరియా కూడా తొందరపాటుదే. మిచురిన్‌స్కా-10 అనేది దానికే ఇంకో పేరు. రుచి మాత్రం మర్యాదగా ఉంటుంది, అంతే. రుచికి వయొలెట్ డి బోర్డో. నలుపు తిరిగిన తోలు, లోపల జామ్ లాంటి ఎర్ర గుజ్జు. చెట్టు పొట్టి కాబట్టి కుండీలో పెట్టి, చలికాలం హీటరు లేని గరాజులోకి తోసేయొచ్చు. అక్కడ కొమ్మ చావదు, వసంతంలో నెల ముందుగా లేస్తుంది. కుండీ మోయడానికి నడుం ఉండాలి. నాది కుండీలోనే ఉంది, నా నడుం సంగతి ఇక్కడ అప్రస్తుతం.

గోడ చాటున పెట్టడమూ పాత ఉపాయమే. థామస్ జెఫర్సన్ 1789లో ఫ్రాన్సు నుంచి తిరిగి వస్తూ అంజూరపు మొక్కలు తెచ్చుకున్నాడు. వర్జీనియా మోంటిచెల్లోలో తోట రాతిగోడ కింద, దక్షిణపు ఎండ తగిలేలా నాటించాడు. పగలు రాయి తాగిన వేడిని రాత్రి చెట్టుకి పోస్తుంది. బావ తన చెట్టుని పెరడు నడిమధ్య, నాలుగు వైపులా గాలి ఆడేలా నాటాడు. వాస్తు అన్నాడు.

కాయ = పచ్చిది. పండు కాదని స్పష్టం. ఈ కాయకి ఒక దుర్గుణం ఉంది. పుట్టిన మొదటి నెల గబగబా ఊరుతుంది. తరువాత వారాల తరబడి చూసినవాడు చూసినట్టే ఉంటాడు, కాయ ఉన్నట్టే ఉంటుంది. ఒక రోజు అకస్మాత్తుగా రెండింతలై, మెత్తబడి, రంగు తిరిగి, మెడ వాల్చి వేలాడుతుంది. మొత్తం రకాన్ని బట్టి రెండున్నర నుంచి నాలుగు నెలలు. మెడ వాలకుండా కోస్తే పోగొట్టుకున్నట్టే, బల్ల మీద పెడితే తరువాత పండే రకం కాదిది. మామిడికాయలా గడ్డిలో మాగవేద్దామని బావ ప్రయత్నించాడు. గడ్డి మిగిలింది.

కాయని తొందరపెట్టే మార్గాలు లేకపోలేదు. పిలక అయిదారు ఆకులు వేయగానే కొన గిల్లేస్తే బలం కాయకి మళ్లుతుంది. ఎరువు ఎక్కువ వేయకూడదు. బావ పశువుల ఎరువు రెండు బస్తాలు కుమ్మరించాడు. చెట్టు ఆ ఉపకారాన్ని ఆకుల రూపంలో తీర్చుకుంది. మధ్యధరా తీరంలో ఇంకో పాత చిట్కా ఉంది. ఎదుగుదల ఆగిన కాయ రంగు మారబోతుండగా, దాని కంటికి చిన్న పుల్లతో ఒక చుక్క ఆలివ్ నూనె అద్దుతారు. అది త్వరగా పండుతుంది. నేను రెండు కాయలకి చేసి చూశాను, పక్క కాయల కంటే వారం ముందు మెడ వాల్చాయి. నువ్వుల నూనె అయితే ఎలా ఉంటుందని మా అక్క అడిగింది. చెవిలో చుక్కలు వేసే దేశం కదా మనది.

పండు లోపలె = ఈ సమాసం మీద పండితులకి భేదాభిప్రాయం ఉంది. పండితులంటే నేనూ మా అక్కా.

మొదటి అర్థం: 'పండు' నామవాచకం. పండు యొక్క లోపలే. అంటే మంచు పండు లోపలికి వచ్చింది. ఈ అర్థం చెప్పేవాళ్లు మేడిపండుని మనసులో పెట్టుకుని చెబుతారు. మేడి అనగానే తెలుగువాడు విప్పి చూసి పురుగుల్ని లెక్కపెట్టబోతాడు. ఎడిసన్ కాయ విప్పితే పురుగు కనపడదు. స్మిర్నా జాతి అంజూరాలకి, డెజర్ట్ కింగ్ లాంటివాటి రెండో కాపుకి మాత్రమే ఆ కందిరీగ కావాలి. దాన్ని అమెరికాలో 1899లో కాలిఫోర్నియా ఫ్రెస్నో ప్రాంతంలో నిలబెట్టగలిగారు. కాలిఫోర్నియా, స్మిర్నా అనే రెండు పేర్లూ సంధి చేసి కాలిమిర్నా అని పేరు పెట్టుకున్నారు కూడా. చికాగో హార్డీ, సెలెస్ట్, బ్రౌన్ టర్కీ వగైరా పెరటి రకాలు పరాగం లేకుండానే కాస్తాయి. కాబట్టి శాకాహారులు భయపడనక్కర్లేదు. మా బావ కొనేముందు ఈ ఒక్క సంగతే విచారించాడు.

రెండో అర్థం: 'పండు' క్రియ. 'వచ్చులోపల' అన్నట్టు, పండేలోగానే. ఇదే కవి హృదయం. మొదటి అర్థం ధ్వని.

మా అక్క ఈ రెంటినీ తోసిపుచ్చి మూడో వ్యాఖ్య చేసింది. "కొనేటప్పుడే అడిగాను కదా, ఇది ఎన్నో నెలలో పండుతుందీ అని. ఎంత చలికి తట్టుకుంటుందో చెప్పారు గానీ ఆ మాటకి జవాబు చెప్పలేదు ఇద్దరూ." ఇద్దరూ అనగా బావ, నర్సరీవాడు. నా వ్యాఖ్యలో ఇంతవరకూ చెప్పినదాని కంటే ఎక్కువ ఇందులో ఉంది కాబట్టి ఖండించడం లేదు.

వచ్చెరా = వచ్చినది, ఓరీ. సంబోధన ఎవరికి? లోకానికని కొందరు. అలా అయితే 'రా' అనడం కుదరదు, బావకి లోకం అంటే గౌరవం. ఆయన 'రా' అనేది భూమ్మీద నన్ను ఒక్కడినే. చెట్టు కొనిపించింది నేనే కనుక అన్వయం చక్కగా కుదురుతోంది.

పాడు మంచు = దుష్టమైన హిమం. పద్యం మొదట్లో 'మంచు', చివర 'మంచు'. ఒకటే మాట, అర్థం వేరు. మొదటిది జనవరిలో ఆకాశం నుంచి రాలేది. చివరిది అక్టోబరులో నేల మీద పేరుకునే తెల్లటి నూగు. మన భాషలో రెండింటికీ ఒకే మాట ఉండడం మనకి చలి తక్కువ కావడం వల్లే. మొదటిది నేలని కాపాడుతుందని పైన చెప్పాను. రెండోది ఒక్క రాత్రిలో, ఆకు కణాల్లో నీరు గడ్డకట్టించి, అయిదు నెలల పనిని ఆపేస్తుంది. 'పాడు' అనే విశేషణాన్ని కవి చివరి దానికే వేయడం ఉచితజ్ఞత.

తాత్పర్యం

చలికాలంలో కొమ్మలు పోయి వేరు బతికిన అంజూరం ఎండాకాలంలో చిగిర్చి కాయ వేసింది, కాయ పండేలోగానే అక్టోబరు మంచు వచ్చిపడింది, ఏం చేయమంటావురా అని భావం.

విశేషం

ఇందులో కరుణ రసమని బావ, హాస్యమని అక్క. యాభై మూడు పచ్చికాయల్ని అక్క చేతులకి నూనె రాసుకుని కోసింది, ఆ పాలు చర్మానికి తగిలితే దురద. రెండుసార్లు నీళ్లు మార్చి ఉడికించి, పాకంలో వేసి మురబ్బా పెట్టింది. గ్రీసులో అలా పెడతారట. బాగానే ఉంది. ఏలక్కాయ ఎక్కువైంది.

ఈ ఏడాది చెట్టుని చుడతానని బావ పాత కార్పెట్టు, తాళ్లు, బకెట్టు సిద్ధం చేసుకున్నాడు. రెండో పద్యం కూడా మొదలుపెట్టాడు. బకెట్టుతో ఎత్తుకుందామని చూస్తే అది జగణం, తేటగీతికి మొదట్లో సూర్యగణం పడాలి. ముందు ఏదైనా రంగు పెట్టమన్నాను, 'నీలి రంగు బకెట్టునే నెత్తి మోసి' అంటే గణాలూ యతీ అన్నీ సరిపోతాయి. చాలాసేపు జవాబు రాలేదు. తరువాత ఫోటో వచ్చింది. బకెట్టు నారింజ రంగుది. 'నారింజ' మొదట్లో ఇమడదు, రేపు వెళ్లి నీలిది కొంటానన్నాడు.